మడమ నొప్పికి షాక్‌వేవ్ చికిత్స: ఎక్కడ చేయించుకొనవలెను?

ఈ మధ్య పట్టణములలో గోడల మీదను, ఆటోల వెనుకను షాక్‌వేవ్ థెరపీ అను ప్రకటనలు తరచుగా కనబడుచున్నవి. మడమ నొప్పి, భుజము నొప్పి, మోచేతి నొప్పి ఆపరేషన్ లేకుండ పోవునని వాటిలో వ్రాయుదురు. మన కుటుంబములలో నాట్లకు, కోతలకు వెళ్లువారు ఎక్కువ గనుక ఈ సంగతి కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

పేరు విని కొందరు జడియుచున్నారు. ఇది కరెంటు షాకు కాదు, ధ్వని తరంగముల ఒత్తిడి మాత్రమే. మొదట ఇది మూత్రపిండములలోని రాళ్లను పగులగొట్టుటకు వచ్చినది. 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరములో తొలిసారి ఒక రోగికి చేసిరి. తరువాత తక్కువ శక్తితో మొండి నొప్పులకు వాడసాగిరి. సాధారణముగా వారమునకొకటి చొప్పున మూడు నుండి ఐదు సిట్టింగులు ఉండును. ఒక్కొక్కటి కొద్ది నిమిషములే. చేయునప్పుడు నొప్పి పుట్టును. తరువాత చర్మము కమలవచ్చును.

అయితే మడమ నొప్పి చాలామందికి కాలి వ్యాయామములతోను, మెత్తని చెప్పులతోను కొన్ని నెలలలో తగ్గును. అట్లు తగ్గనివారి కొరకే ఈ చికిత్స. కాలు పట్టి చూడకుండ, మొదటి దినముననే యంత్రము దగ్గర పడుకోబెట్టువారిని నమ్మవద్దు.

మేమెరిగిన ఒక తల్లి కూలిపనికి వెళ్లును. ఒక క్లినిక్‌లో పది సిట్టింగుల సొమ్ము ముందే కట్టమనగా, కుమారుడు ఆమె కమ్మలు తాకట్టు పెట్టబోయెను. ఆమె గుండె కవాటము ఆపరేషన్ అయినది మొదలు రక్తము పలుచన చేయు మాత్రలు వాడుచున్నది. ఆ సంగతి అక్కడ ఎవరును అడుగలేదు! పొరుగింటి నర్సమ్మ మాత్రల అట్ట చూచి ఆపించినది. తరువాత ప్రభుత్వ ఆసుపత్రిలో వ్యాయామములు నేర్పిరి. నొప్పి పూర్తిగా పోలేదు గాని ఆమె పనికి వెళ్లుచున్నది.

అట్టి మాత్రలు వాడువారు, రక్తము గడ్డకట్టని జబ్బు గలవారు, గర్భిణులు, నొప్పి ఉన్నచోట గడ్డ గాని చీము గాని ఉన్నవారు ముందుగా డాక్టరుకు చెప్పవలెను. ఎదుగుచున్న పిల్లల ఎముకల మీద దీనిని ప్రయోగింపనీయరాదు.

ఇక చట్టము మాట. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్యశాలల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి రాష్ట్ర చట్టమున్నది. తెలంగాణలో కేంద్రము 2010లో చేసిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టము అమలులో ఉన్నది. రిజిస్ట్రేషన్ పత్రము ఎక్కడున్నదని అడుగుటకు సిగ్గుపడవద్దు. డాక్టరు తన మెడికల్ కౌన్సిల్ నంబరును చీటీ మీద వేయవలెను. ఫిజియోథెరపిస్టు అయితే డిగ్రీ అడుగవచ్చును. వారి వృత్తి కొరకు 2021లో వేరుగా కేంద్ర చట్టము వచ్చినది. యంత్రము సంగతి వేరు. 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరములన్నియు మందుల చట్టము క్రిందికి వచ్చినవి. తయారీకైనను దిగుమతికైనను లైసెన్సు ఉండవలెను.

ఇక్కడనే చాలామంది మోసపోవుచున్నారు. గదికి రిజిస్ట్రేషన్, యంత్రమునకు లైసెన్సు ఉన్నంత మాత్రమున, బోర్డు మీద వ్రాసిన జబ్బులన్నియు కుదురునని ప్రభుత్వము పూచీపడినట్లు కాదు. పురుషుల బలహీనతకు కూడ ఇదే యంత్రమని చెప్పి వేలకు వేలు గుంజుచున్నారు. అమెరికా మూత్రవ్యాధి వైద్యుల సంఘము 2018లో దానిని ఇంకను పరిశోధన దశలోనిదిగానే లెక్కించినది.

సొమ్ము ఒక్కొక్క సిట్టింగుకు ఇచ్చి రసీదు తీసికొనుడి. రెండు మూడు సిట్టింగులైనను మార్పు లేనియెడల డాక్టరును మరల అడుగుడి. అన్యాయము జరిగినచో జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి వ్రాయవచ్చును. డబ్బు తగాదా అయితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చును, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చును. బయలుదేరునప్పుడు పాత ఎక్స్‌రేలు, వాడుచున్న మాత్రల అట్టలు సంచిలో వేసికొని వెళ్లుడి.