గోదాములో గుట్టలు... అరల్లో ఖాళీలు!

అమెరికాలో పేరుమోసిన దుకాణాల సంస్థ టార్గెట్ 2013 మార్చిలో కెనడాలోనూ అడుగుపెట్టింది. జనం ఉత్సాహంగా వచ్చారు. చూస్తే చాలా అరలు ఖాళీ! గోదాముల్లో మాత్రం చోటు చాలనంత సరుకు. ఎందుకలా?

పెద్ద కారణం కంప్యూటర్లోని అంకెలే. అమెరికాలో వాడే పాత సాఫ్ట్‌వేర్‌కి కెనడా డాలర్లూ, ఫ్రెంచి అక్షరాలూ కొరుకుడుపడవు. అందుకే శాప్‌ని ఎంచుకున్నారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించే శాపే! అందులో ఒక్కో వస్తువు వివరాలూ ఒక్కచోటే ఉంటాయి. కొనుగోలు, రవాణా, గోదాము, దుకాణం... అందరూ వాటినే చూసి పనిచేస్తారు. పెళ్లివంట గుండిగలాంటిదన్నమాట. ఉప్పు ఎక్కువైతే పంక్తి మొత్తానికీ ఎక్కువే.

అక్కడ జరిగిందదే. గడువు తరుముతుంటే, పెద్దగా అనుభవంలేని కుర్రాళ్లు వేలకొద్దీ వస్తువుల వివరాలు ఎక్కించారు. సెంటీమీటర్లు ఉండాల్సినచోట అంగుళాలు పడ్డాయి. పొడవూ వెడల్పూ తారుమారయ్యాయి. పెట్టె కొలతే తప్పితే లారీలో ఎన్ని పడతాయో, అరలో ఎన్ని పడతాయో ఎలా తెలుస్తుంది? అమెరికా విభాగంలో 98 శాతానికి పైగా సరిగా ఉండే వివరాలు, ఇక్కడ సుమారు 30 శాతమే సరైనవని 2016లో ఓ కెనడా పత్రిక రాసింది.

ఆఖరికి ఉద్యోగులు ఇతర పనులు పక్కనపెట్టి ఒక్కో వరుసా చేత్తో సరిచూశారు. అప్పటికే కొనేవాళ్లు పక్క దుకాణాల బాట పట్టారు. ధరలు ఎక్కువన్న అసంతృప్తి సరేసరి. 2015 జనవరిలో 133 దుకాణాలూ మూసేస్తున్నట్టు సంస్థ ప్రకటించింది. వాటిలో పనిచేస్తున్నది సుమారు 17,600 మంది.