భవిష్యత్తుపై పల్లె తీర్పు
జహీరాబాద్: ఇరవై ఏళ్ల తర్వాత రాష్ట్రం ఎలా ఉండాలో నిర్ణయించవలసింది నిపుణులా? ఆ మార్పుల ఫలితాన్ని అనుభవించబోయే ప్రజలా? ఈ ప్రశ్నకు జహీరాబాద్ ప్రాంతంలోని అల్గోల్ గ్రామంలో 2001లో జరిగిన ‘ప్రజాతీర్పు’ ఒక మార్గం చూపింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో విజన్-2020 పత్రాన్ని విడుదల చేసింది. దాని రూపకల్పనకు మెకిన్సే సంస్థ సహకరించింది. వ్యవసాయంపై ఆధారపడినవారిని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులోని ఆలోచన. సేద్యం వదిలినవారు ఎక్కడికి వెళ్లాలి? ఏ పని చేయాలి? ఈ మాట వారినే అడగాలన్నది ప్రజాతీర్పు ఉద్దేశం.

విచారణ సాగిన తీరు

న్యాయస్థానం తరహాలో 19 మందితో జ్యూరీని ఏర్పాటు చేశారు. వీరిలో అధికులు చిన్న, సన్నకారు రైతులు. మహిళలకు పెద్దపీట వేశారు. చదవడం రానివారికి సైతం అర్థమయ్యేలా మూడు భవిష్యత్ చిత్రాలను వీడియోల ద్వారా వివరించారు. మొదటిది విజన్-2020 బాట. రెండోది ఎగుమతుల కోసం సేంద్రియ సాగు. మూడోది స్థానిక అవసరాలే ప్రాతిపదికగా స్వయంపోషక వ్యవసాయం. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల ప్రతినిధులు సాక్షులుగా హాజరయ్యారు. జ్యూరీ సభ్యులు వారిని ప్రశ్నించారు. విచారణ సక్రమంగా సాగుతున్నదో లేదో పరిశీలించేందుకు ప్రత్యేక మండలిని నియమించారు.

మూడింటిలో ఒకదానిని ఎంచుకోవాలన్న నిబంధన లేదు. సభ్యులు తమ సొంత దృక్పథాన్ని రూపొందించుకున్నారు. సారవంతమైన నేలలు, పంటల వైవిధ్యం, పశుసంపద, వనరులపై గ్రామాల అదుపు కావాలన్నారు. కాంట్రాక్టు సేద్యం, జన్యుమార్పిడి పంటలు, కూలీల పొట్టకొట్టే యాంత్రీకరణ వద్దన్నారు.

పరిమితులూ ఉన్నాయి

ఈ తీర్పుకు చట్టబద్ధత లేదు. 19 మంది అభిప్రాయం రాష్ట్రమంతటి అభిప్రాయం ఎలా అవుతుందన్న సందేహమూ సహజమే. బీటీ పత్తికి 2002లో కేంద్రం అనుమతించింది. అయినప్పటికీ సమాచారం, సమయం, ప్రశ్నించే హక్కు కల్పిస్తే సామాన్యులు సంక్లిష్ట విధానాలపై సైతం విచక్షణతో తీర్పు చెప్పగలరని అల్గోల్ నిరూపించింది.

ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరులో స్వర్ణాంధ్ర-2047 పత్రాన్ని ఆవిష్కరించింది. ఉభయ రాష్ట్రాల్లోనూ పంచాయతీలు ఏటా అభివృద్ధి ప్రణాళికలు రూపొందించవలసి ఉంది. గ్రామసభ సంతకాల సేకరణతో ముగిస్తే ప్రయోజనం లేదు. ప్రత్యామ్నాయాలను ముందుగా వాడుక భాషలో వివరించాలి. మహిళలు, కూలీలు పనులు మానుకోకుండా వచ్చే వేళను ఎంచుకోవాలి. వారు వద్దన్నదానిని, అందుకు చెప్పిన కారణాన్ని కూడా తీర్మానంలో నమోదు చేయాలి.