దద్దుర్లు – ఒక పరిశీలన

నేనెరిగిన ఒక వసతిగృహంలో ఒక విద్యార్థి తెల్లవారేసరికి ఒళ్ళంతా దద్దుర్లతో లేచాడు. తోటివారు భయపడి అతని పడకను వరండాలోకి మార్చారు. కంచమూ, గ్లాసూ వేరుచేశారు. మర్నాటికి దద్దుర్లు మాయమైనవి గాని, పడక వారం దినాలకు గాని లోపలికి రాలేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ పడకయే.

దద్దుర్లు అంటువ్యాధి కాదు. మన చర్మంలో మాస్ట్ కణాలు అనేవి ఉన్నవి. 1878లో పాల్ ఎర్లిష్, తాను ఇంకను విద్యార్థిగా ఉండగానే, తన సిద్ధాంత వ్యాసంలో వీటిని వర్ణించాడు. ఏదైనా కారణముచేత ఇవి ప్రేరితమైనప్పుడు హిస్టమిన్ అనే పదార్థం వెలువడుతుంది. దానివలన సూక్ష్మ రక్తనాళాలు వ్యాకోచించి, వాటినుండి ద్రవం ఊరి, చర్మం ఉబుకుతుంది. నాడుల కొసలు తాకబడి దురద పుడుతుంది. ఒక్కొక్క దద్దురు సాధారణంగా 24 గంటలలోపు మచ్చయైనా మిగల్చక అణగిపోతుంది. ఇంతలో మరొకచోట మరొకటి లేస్తుంది. స్పర్శచేత ఇది ఇతరులకు సంక్రమించదు.

ఆయుర్వేదం దీనిని శీతపిత్తమన్నది. ఉర్దూలో 'పిత్తీ ఉఛల్నా' అంటారు. రెండు పేర్లలోనూ పిత్తమే నింద మోయడం ముచ్చటైన విషయం! నేటి వైద్యం చెప్పే కారణాలు అనేకం: జలుబు వంటి వైరస్ జ్వరాలు, పెన్సిలిన్, ఆస్పిరిన్ వంటి మందులు, రొయ్యలు, వేరుశనగ, కందిరీగ కాటు, కొందరికి చలిగాలియే చాలు. ఆరు వారాలు దాటి వచ్చుచున్న దద్దుర్లకు ఆహారం కారణమగుట అరుదు. కావున వంకాయ, గోంగూర, మాంసం అన్నీ మానివేసి కృశించడం వృథా శ్రమ.

యాంటీహిస్టమిన్ మందులకు 1937లో దారి చూపిన డేనియల్ బోవే 1957లో నోబెల్ బహుమానం పొందాడు. పాతకాలపు మాత్రలు మత్తు కలిగిస్తాయి; పరీక్షల రోజులలో ఇది చిన్న సంగతి కాదు. లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటి తర్వాతి మందులలో ఆ బాధ తక్కువ. ఏది, ఎంత అన్నది వైద్యుని అడుగవలెను. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా మింగరాదు. గొంగళితో రుద్దడం, వేడినీళ్ళ స్నానం దురదను హెచ్చిస్తాయి. చలివలన వచ్చినవి కాకుంటే తడిగుడ్డ హాయినిస్తుంది.

పెదవులు, నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకున్నా, కళ్ళు తిరిగినా అది ప్రాణాపాయం. మాత్ర వేసి వేచియుండక 108కి ఫోను చేయవలెను. అప్పుడు తొడకండరంలో వేసే అడ్రినలిన్ ఇంజక్షన్ ప్రాణం నిలుపుతుంది. ఈ మార్పు కొన్ని నిమిషాలలోనే రావచ్చు. అందుచేత ఒళ్ళంతా దద్దుర్లు లేచినవానిని ఆ రాత్రి వరండాలో ఒంటరిగా పడుకోబెట్టరాదు; గదిలోనే, మెలకువగా ఉండే స్నేహితుని ప్రక్కన ఉంచవలెను.