ఒక్కడి మీద మోపిన ఓటమి

1942 ఫిబ్రవరి 15 సాయంత్రం సింగపూర్‌లోని బుకిట్ తీమా ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో లెఫ్టినెంట్ జనరల్ ఆర్థర్ పెర్సివల్ జపాన్ సేనాని యమషితా ఎదుట కూర్చుని లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. ఆనాటి నుంచి సింగపూర్ ఓటమి అంటే పెర్సివల్ ఓటమే అన్నంతగా ఆ పేరు స్థిరపడిపోయింది. ఇందులో నిజం సగమే. బ్రిటిష్ వారి మలయా కమాండ్‌లో ఏ కుర్చీలో ఎవరు, ఎప్పుడు, ఏ హోదాతో కూర్చున్నారో వరుసగా పేర్చి చూస్తే మిగతా సగం బయటపడుతుంది.

ఆ వరుస ఒక్కచోట దొరకదు. లండన్ గెజిట్ ప్రకటనలు, ఆర్మీ లిస్టులు, 1948లో గెజిట్‌లో అచ్చయిన సేనానుల నివేదికలు, ఆ తర్వాత వచ్చిన జ్ఞాపకాలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. అధిపతుల పేర్లు మాత్రమే రాసుకుంటే 1935లో డాబీ, 1939లో బాండ్, 1941 మేలో పెర్సివల్ కనిపిస్తారు. పెర్సివల్ ఆ నేలకు కొత్తవాడనిపిస్తుంది. కానీ ఒక మెట్టు దిగి స్టాఫ్ అధికారుల పేర్లు వెతికితే 1936-38 మధ్య డాబీ దగ్గర పనిచేసిన ముఖ్య స్టాఫ్ అధికారి ఈ పెర్సివలే అని తెలుస్తుంది. సింగపూర్ మీదికి శత్రువు సముద్రం వైపు నుంచే వస్తాడని అందరూ నమ్ముతున్న రోజుల్లో, సయాం (నేటి థాయ్‌లాండ్)లోని సోంగ్‌ఖ్లా, పట్టానీల దగ్గర, మలయాలోని కోటా బారు దగ్గర దిగి ఉత్తరం నుంచి నడిచి రావచ్చని వాళ్లిద్దరూ లెక్క తేల్చారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఆ తీరాన దిగడం కుదరదన్న ధీమా కూడా తప్పని చెప్పారు. 1941 డిసెంబరు 8న మలయా మీద దాడికి జపాన్ దిగింది సరిగ్గా ఆ మూడు చోట్లే. అంత ముందుగా చెప్పినా, రక్షణ కట్టడాల కోసం లండన్ డాబీకి మంజూరు చేసింది 60,000 పౌండ్లే.

ముందే తెలిసినవాడు సిద్ధపడకపోతే తప్పు రెట్టింపు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చీఫ్ ఇంజనీరు సిమ్సన్ డిసెంబరు చివర్లో కట్టడాలు మొదలుపెడదామని బతిమాలితే, అవి సైనికుల, ప్రజల మనోధైర్యాన్ని దెబ్బతీస్తాయని పెర్సివల్ తోసిపుచ్చాడు. ఇది సిమ్సన్ తన పుస్తకంలో చెప్పిన మాట. దాన్ని పక్కన పెట్టలేం, పెర్సివల్‌ను ఆ మేరకు విడిచిపెట్టనూ లేం. అయితే అదే వరుసలో పై మెట్లు కూడా చూడాలి. సర్వ సేనాధిపతి బ్రూక్-పోఫమ్‌కు నౌకాదళం మీద అధికారం లేదు. యుద్ధం మధ్యలో ఆయన స్థానంలోకి పౌనాల్ వచ్చాడు, కొద్ది వారాలకే వేవెల్ వచ్చాడు. పది వారాల పోరులో ముగ్గురు పై అధికారులు! 336 విమానాలు కావాలని లండన్ పెద్దలే నిర్ణయించిన చోట, యుద్ధం మొదలైననాడు ఉన్నవి 158. ట్యాంకు ఒక్కటీ లేదు.

అధికారుల చిట్టాలో సిపాయిలు కనబడరన్నది మరో అభ్యంతరం. నా ఉద్దేశంలో సిపాయిల దాకా దారి చూపేది ఆ చిట్టానే. మలయాలో 'హైదరాబాద్' పేరుతో రెండు దళాలున్నాయి. కోటా బారు విమానాశ్రయానికి కాపలా కాసి, తన కమాండింగ్ అధికారి హెండ్రిక్స్‌ను అక్కడే పోగొట్టుకున్నది నిజాం సంస్థానపు ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. రెండోది, 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్, బ్రిటిష్ ఇండియా సైన్యానిది. అందులోని జవాన్లు కుమావోనీలు, జాట్లు, అహీర్లు. ఆ రెజిమెంటే 1945లో కుమావోన్ రెజిమెంట్ అయింది. అధికారి ఎవరో, ఆయన ఏ సైన్యానికి చెందినవాడో చూడకుండా పేరు మాత్రమే చదివితే ఒకరి చావు మరొకరి ఖాతాలో పడుతుంది.

పెర్సివల్ 1946లో పదవీ విరమణ చేశాడు. గౌరవ హోదా లెఫ్టినెంట్ జనరల్, పెన్షన్ మాత్రం మేజర్ జనరల్‌ది.