అక్టోబరు 21: పేరు పేరునా నివాళి

ఆత్రేయపురం: పూతరేకులకు ప్రసిద్ధి చెందిన ఆత్రేయపురం వంటి ప్రశాంతమైన గోదావరి తీర గ్రామంలో పోలీసు అమరవీరుల ప్రస్తావన ఎక్కడో సరిహద్దులకో, దట్టమైన అడవులకో సంబంధించినదిగా తోచవచ్చు. అయితే గోదావరికి వరద వచ్చినపుడు ఏటిగట్లపై కాపలాకు, లంక గ్రామాల ప్రజలను తరలించడానికి ఇతర శాఖల సిబ్బందితో పాటు పోలీసులూ వెళతారు. విధి నిర్వహణలో అపాయం తుపాకీ గుండు రూపంలోనే రాదు. అందువల్ల ఏటా అక్టోబరు 21న జరిపే పోలీసు అమరవీరుల సంస్మరణ దినం ప్రతి ఠాణాకూ చెందిన దినం.

ఈ దినానికి మూలం లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ ప్రాంతం. 1959 అక్టోబరు 20న అక్కడ గస్తీకి బయలుదేరిన మూడు బృందాలలో ఒకటి తిరిగి రాలేదు. మరునాడు కరమ్ సింగ్ నాయకత్వంలో వారిని వెతుకుతూ వెళ్ళిన పోలీసులపై చైనా సైనికులు కొండపై నుండి కాల్పులు జరిపారు. పదిమంది పోలీసులు వీరమరణం పొందారు. నవంబరు 13న గాని వారి భౌతికకాయాలు స్వదేశానికి అందలేదు. 1960 జనవరిలో జరిగిన రాష్ట్రాల పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్స్ సమావేశం ఆ రోజును దేశమంతటా పాటించాలని నిర్ణయించింది.

ఆనాటి కవాతులో ఆయుధాలు కిందికి వాల్చి, శిరస్సు వంచి మౌనం పాటిస్తారు. పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం పేర్లు చదవడం. గత సంవత్సరం సెప్టెంబరు 1 నుండి ఆ సంవత్సరం ఆగస్టు 31 వరకు దేశవ్యాప్తంగా విధి నిర్వహణలో అసువులు బాసిన వారి వివరాలను ఆనాడు స్మరిస్తారు. ఉన్నతాధికారి పేరు ఎంత గౌరవంతో వినిపిస్తుందో, కానిస్టేబుల్ పేరూ అంతే గౌరవంతో వినిపిస్తుంది.

ఈ ఆచారం విలువ తెలియడానికి మన రాష్ట్ర చరిత్రలోని ఒక ఉదంతం చాలును. గుంటూరు జిల్లా పెదపూడిలో జన్మించిన చదలవాడ ఉమేష్‌చంద్ర 1991 బ్యాచ్ ఐపీఎస్ అధికారి. కడప, కరీంనగర్ జిల్లాల ఎస్పీగా పేరు గడించారు. 1999 సెప్టెంబరు 4న హైదరాబాదులోని ఎస్.ఆర్. నగర్ కూడలి వద్ద కారు ఆగి ఉండగా పీపుల్స్‌వార్ నక్సలైట్లు కాల్పులు జరిపారు. తన వద్ద ఆయుధం లేకున్నా కారు దిగి దుండగులను వెంబడించిన ఆయన అక్కడే నేలకొరిగారు. అప్పటికి ఆయన వయస్సు 33 సంవత్సరాలు. ఆ కూడలిలో ఆయన విగ్రహం ఉంది. అయితే ఆనాడు మరణించింది ఆయన ఒక్కరే కాదు. ఆయన అంగరక్షకుడు, కారు డ్రైవరు కూడా ఆ కాల్పులకే బలయ్యారు.

కొందరి స్మృతికి విగ్రహం నిలుస్తుంది. కొందరికి పతకం లభిస్తుంది. 2013 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ అడవులలో సహచరులను కాపాడే ప్రయత్నంలో ప్రాణత్యాగం చేసిన గ్రేహౌండ్స్ రిజర్వు సబ్‌ఇన్‌స్పెక్టర్ ప్రసాద్‌బాబుకు 2014లో మరణానంతరం అశోకచక్ర ప్రకటించారు. ఎక్కువ మందికి మాత్రం సంస్మరణ దినాన చదివే జాబితాయే స్మారకం. 2018 అక్టోబరు 21న ప్రధానమంత్రి న్యూఢిల్లీలో జాతికి అంకితం చేసిన జాతీయ పోలీసు స్మారకంలోని శౌర్య కుడ్యంపై స్వాతంత్ర్యానంతరం అమరులైన వారి పేర్లు చెక్కించడంలోని ఉద్దేశమూ ఇదే.

కాబట్టి ఈ దినానికి సంబంధించిన వార్తలో ముఖ్య అతిథుల పేర్లకే చోటు సరిపోరాదు. అమరుల పేరు, హోదా, పనిచేసిన ఠాణా, మరణించిన సందర్భం తప్పులు లేకుండా నమోదు కావాలి. అలాగే కుటుంబ పింఛను, కారుణ్య నియామకం, పిల్లల చదువు వంటి విషయాలలో ఆ కుటుంబాలు కార్యాలయాల చుట్టూ తిరిగే అవసరం రాకుండా చూడటం అధికారుల బాధ్యత. కవాతు మైదానంలో గౌరవంతో పలికిన పేరు మరునాడు కార్యాలయంలోని దస్త్రంలోనూ అదే గౌరవం పొందినపుడే నివాళి సంపూర్ణమవుతుంది.