పుట్లూ కుంచాలూ - పెద్ద సంఖ్యల కూడిక

పెద్ద సంఖ్యలను 10 యొక్క ఘాతాలతో రాయటం మనందరికీ తెలిసిందే. ముప్పై లక్షలను 3 × 10⁶ అంటాం. రాయటం సుళువే, చిక్కంతా కూడటంలోనే ఉంది.

ఇంటర్మీడియట్‌లో ఒకసారి 3 × 10⁶ కు 5 × 10⁴ కలపమంటే, నేను 3కు 5, 6కు 4 కలిపేసి 8 × 10¹⁰ అని దర్జాగా రాసేశాను. మాస్టారు పేపరు చూసి, "ఏటి నాయనా! ముప్పై లక్షలకు యాభై వేలు కలిపితే ఎనిమిది వేల కోట్లా? మూడు పుట్ల ధాన్యంలో ఐదు కుంచాలు పోస్తే ఎనిమిది పుట్లవుతుందా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. కాని ఆ పుట్టీ కుంచం మాత్రం నన్ను వదల్లేదు.

కొలపాత్ర ఒకటైతేనే కూడిక. ఇక్కడ ఘాతాంకమే కొలపాత్ర. కావున చిన్నదాన్ని పెద్ద పాత్రలోకి మార్చాలి. ఘాతాంకం 4 నుంచి 6కు రెండు పెరిగితే, దశాంశ బిందువు రెండు స్థానాలు ఎడమకు జరుగుతుంది. అనగా 5 × 10⁴ = 0.05 × 10⁶. ఇప్పుడు 3 + 0.05 = 3.05, జవాబు 3.05 × 10⁶. ఘాతాంకాలను కూడేది గుణకారంలోనే సుమా!

ఇక రెండో చిక్కు. 2011 జనాభా లెక్కల్లో అప్పటి శ్రీకాకుళం జిల్లా జనం 27,03,114, విజయనగరం జిల్లా జనం 23,44,474. వీటిని నాలుగు అంకెలకు సవరిస్తే 2.703 × 10⁶, 2.344 × 10⁶. కూడితే 5.047 × 10⁶. కాని అసలు మొత్తం 50,47,588. దాన్ని సవరిస్తే 5.048 × 10⁶ రావాలి. ముందే సవరించటం వల్ల ఒక జిల్లాలో 114 మంది, రెండో జిల్లాలో 474 మంది లెక్క నుంచి జారిపోయారు. 588 మందంటే ఒక చిన్న ఊరు! అందుకే ముందు కూడాలి, చివర సవరించాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానం మీద పడ్డ రాత్రి మా తోటలో నలభై కొబ్బరిచెట్లు కూలిపోయాయి. కొబ్బరిమొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. లక్షల లెక్కలు వింటూ మా నాన్న, "మన నలభై అందులో ఉన్నాయేటిరా?" అని అడిగాడు. అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

లెక్క కోసం మొత్తం 1.0 × 10⁶ చెట్లనుకుందాం. మా నలభై అందులో 0.00004 × 10⁶. రెండంకెలే ఉంచుకుంటే జవాబు మళ్లీ 1.0 × 10⁶. మావి మాయం! ఇలాగే పదివేల ఇళ్లవి ఒక్కొక్కటిగా కలుపుతూ ప్రతిసారీ సవరిస్తే, ఎన్ని కలిపినా మొత్తం కదలదు. అదే పదివేల నలభైలను ముందు కూడితే 4 × 10⁵, అనగా 0.4 × 10⁶. అప్పుడు మొత్తం 1.4 × 10⁶ అవుతుంది. కంప్యూటరు కూడా పరిమితమైన అంకెలనే ఉంచుకుంటుంది గనుక, దానికీ చిన్న సంఖ్యలను ముందు కూడి ఇవ్వటమే మేలు.

చిన్నవాటిని ముందు ఒకచోట చేర్చితే, పెద్దది వాటిని మింగలేదన్నమాట. మా నాన్న ప్రశ్నకు ఇదే నా జవాబు: కూడేవాడు సవరించే తొందరలో లేకపోతే, మన నలభై అందులో ఉన్నట్టే.