ముందు చక్రం మూలిగితే: పాత ల్యాండ్ రోవర్ బేరింగులో భౌతికశాస్త్రం

పశ్చిమ బెంగాల్‌లోని డార్జీలింగ్ జిల్లాలో, నేపాల్ సరిహద్దును ఒరుసుకుని మానేభంజన్ అనే చిన్న ఊరుంది. అక్కడి నుంచి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫూకు ముప్పై కిలోమీటర్లకు పైగా నిట్టనిలువు కొండదారి. దశాబ్దాలుగా ఆ దారిలో మనుషులనూ సరుకులనూ మోసినవి 1950ల నాటి ల్యాండ్ రోవర్లు. ఇటీవల కొత్త బండ్లు వచ్చినా, ఆ పాత నాలుగు చక్రాల డ్రైవ్ బండ్లు కొన్ని ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అలాంటి బండి లోయ పక్కన దిగుతుండగా ముందు చక్రం నుంచి సన్నని మూలుగు మొదలైందంటే డ్రైవరుకు అది చిన్న విషయం కాదు. బేరింగు పూర్తిగా పాడైతే హబ్బు వేడెక్కి బిగుసుకుపోవచ్చు. మరీ నిర్లక్ష్యం చేస్తే చక్రమే ఊడిపోవచ్చు.

బేరింగు చేసే పని ఎడ్లబండి తోలినవారికి కొత్త కాదు. ఇరుసు మీద చక్రం రాసుకోకుండా ఆముదం, గడ్డి మసి కలిపిన కందెన పూసేవారు. అక్కడ జరిగేది జారుడు ఘర్షణ. జారుడును దొర్లుడుగా మారిస్తే ఘర్షణ ఎన్నో రెట్లు తగ్గుతుంది. ఈ సూత్రం పాతదే. అయితే బండి చక్రానికి ఇంకో చిక్కుంది. బరువు పైనుంచి పడుతుంది, మలుపు తిరిగినప్పుడు పక్కనుంచి తోపు వస్తుంది. గుర్రపు బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో అమెరికాలో పేటెంటు పొందిన ఏటవాలు రోలర్ బేరింగు ఈ రెండింటినీ ఒకేసారి మోస్తుంది. రోలర్లు ఒక కొసన లావుగా, రెండో కొసన సన్నగా ఉంటాయి. రోలర్ల వాలునూ, అవి దొర్లే లోపలి కోన్, బయటి కప్ వాలునూ ఊహలో పొడిగిస్తే అవన్నీ ఇరుసు మధ్యరేఖ మీద ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. అందుకే రోలరు జారకుండా కొస నుంచి కొస వరకు దొర్లుతుంది. ఒక్కో చక్రానికి ఇలాంటివి రెండు, ఎదురెదురుగా అమరుస్తారు. ఎడమ మలుపులో ఒకటి, కుడి మలుపులో మరొకటి పక్క తోపును అడ్డుకుంటుంది.

నాలుగు చక్రాల డ్రైవ్ బండిలో ముందు హబ్బు కాస్త క్లిష్టం. చక్రాన్ని తిప్పే షాఫ్టు, బోలుగా ఉన్న స్టబ్ యాక్సిల్ మధ్యలోంచి వస్తుంది. బండి బరువు ఆ షాఫ్టు మీద పడదు. స్టబ్ యాక్సిల్ మీది రెండు బేరింగులే మోస్తాయి. షాఫ్టు పని తిప్పడమే. టైరు చుట్టుకొలత రెండుంపావు మీటర్లు అనుకుంటే ముప్పై కిలోమీటర్లకు చక్రం దాదాపు 13 వేల సార్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ రోలరు, కప్పు కలిసే చోట సన్నని గీతంత మేరలోనే బరువంతా పడుతుంది. ఇలాంటి తాకిడి దగ్గర పీడనం ఎంత ఉంటుందో లెక్కగట్టే సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త హైన్రిచ్ హెర్ట్జ్ 1880లలోనే ఇచ్చాడు. రేడియో తరంగాలతో పేరు పొందిన హెర్ట్జే ఈయన. బేరింగుల్లో ఈ పీడనం వాతావరణ పీడనానికి వేల రెట్లు ఉంటుంది. అంత నొక్కుడుకు గ్రీజులోని నూనె క్షణకాలం దాదాపు ఘనపదార్థంలా గట్టిపడి, మైక్రాను కన్నా పలుచని పొరగా మారి ఉక్కును ఉక్కు తాకకుండా ఆపుతుంది.

ఆ పొరకు పెద్ద శత్రువు నీరు. వాగు దాటే ముందు దిగుడులో బ్రేకులు వేసీ వేసీ డ్రమ్ము, దాన్ని అంటుకున్న హబ్బు వేడెక్కుతాయి. అదే వేడిలో చన్నీటిలోకి దిగితే హబ్బులోని గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. లోపల పీడనం తగ్గి, అరిగిన ఆయిల్ సీల్ పక్కనుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. మన్యంలోనూ హిమాలయాల్లోనూ వాగులు దాటే బండ్ల బేరింగులు త్వరగా పాడవడానికి ఇదొక కారణం.

మార్చేముందు పోయింది బేరింగేనా అని తేల్చుకోవాలి. మిగతా చక్రాలకు అడ్డుగా రాళ్లు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చేతులు పెట్టడం ప్రాణాంతకం. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు తెలుస్తుంది. కానీ ఆ లూజు బేరింగుది కావచ్చు, స్టీరింగుతోపాటు చక్రం తిరిగే స్వివెల్ పిన్నుది కావచ్చు. తెలుసుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. ఇంకొకరిని బ్రేకు తొక్కమనాలి. బ్రేకు పడగానే డ్రమ్ము వెనక పలకకు బిగుసుకుంటుంది కనుక బేరింగు లూజు మాయమవుతుంది. అప్పటికీ ఊగుతుంటే తప్పు స్వివెల్ పిన్నుది. ఈ ఒక్క పరీక్ష చేయక మంచి బేరింగులు విప్పి పారేసినవారు ఎందరో!

డ్రైవ్ ఫ్లాంజి బోల్టులు, లాక్ వాషరు, 52 మిల్లీమీటర్ల పెద్ద నట్లు విప్పితే హబ్బు బయటికి వస్తుంది. పాత బేరింగును కిరోసినుతో కడిగి చూడటం తప్పనిసరి. అది చాలా చెబుతుంది. నీలిరంగు తేలితే అతిగా వేడెక్కిందని అర్థం. కప్పు మీద పొలుసులు లేచి గుంటలు పడితే లోహం అలిసిపోయిందని. రోలర్ల మధ్య దూరానికి సరిగ్గా సరిపోయేలా వరుస నొక్కులు కనిపిస్తే ఎవరో సుత్తి దెబ్బ రోలర్ల మీదుగా వేశారని, లేదా గట్టి కుదుపు తగిలిందని. అలాంటి నొక్కులు చక్రం తిరగకుండానే రావచ్చు. 1930లలో అమెరికాలో రైళ్లలో రవాణా అయిన కొత్త కార్ల చక్రాల్లో కదలని బేరింగులు కేవలం కంపనంతోనే చెడిపోయాయి.

కోన్ మార్చి, హబ్బులో పాత కప్పునే ఉంచేయడం పొదుపు అనిపిస్తుంది. అది తప్పు. అరిగిన కప్పు ఆకారానికి కొత్త రోలరు సరిపడదు. బరువు మొత్తం ఒక అంచు మీద పడుతుంది. పాత కప్పును ఇత్తడి కడ్డీతో అటూ ఇటూ మార్చి కొడుతూ తీయాలి. కొత్తదాన్ని ముందు రాత్రి ఫ్రీజరులో ఉంచితే పని సులువు. ఉక్కు ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో 12 వంతులు కుంచించుకుంటుంది. 70 మిల్లీమీటర్ల కప్పు 40 డిగ్రీలు చల్లబడితే వ్యాసం 34 మైక్రాన్లు తగ్గుతుంది. వెంట్రుక మందంలో సగమే, కానీ సుత్తి దెబ్బలను బాగా తగ్గించడానికి అది చాలు.

గ్రీజును అరచేతిలో వేసుకుని, రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా కూరాలి. సాధారణ లిథియం గ్రీజు సుమారు 180 డిగ్రీల దగ్గర కరిగి కారుతుంది. వేరే రకం గ్రీజు మీద దీన్ని కలిపితే రెండూ పలుచనైపోవచ్చు, కాబట్టి పాతది పూర్తిగా కడగాలి. హబ్బు నిండా దట్టించడమూ మంచిది కాదు, చిలికినట్టయి వేడి పుడుతుంది. ఆయిల్ సీల్ ఎప్పుడూ కొత్తదే.

అసలు నైపుణ్యం నట్టు బిగించడంలో ఉంది. హబ్బును తిప్పుతూ బిగిస్తే రోలర్లు తమ చోట కుదురుకుంటాయి. తర్వాత కొద్దిగా వదులు చేసి, డయల్ గేజీతో చూస్తూ మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూగా కదలిక ఉంచాలి. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. గట్టిగా బిగిస్తే భద్రం అనుకోవడం సహజమే, కానీ బేరింగు విషయంలో అది ఎదురు తిరుగుతుంది. 1947లో స్వీడన్‌కు చెందిన లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్ రూపొందించిన సిద్ధాంతం నుంచి వచ్చిన లెక్క ప్రకారం, రోలర్ బేరింగు మీద భారం రెట్టింపైతే దాని ఆయుష్షు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అతి బిగింపు అంటే బండిలో ఎవరూ ఎక్కకుండానే పెంచిన భారం. మరీ వదులైతే బరువు కొన్ని రోలర్ల మీదే పడుతుంది.

రెండో నట్టు బిగించి, లాక్ వాషరు చెవులు మడిచాక కదలికను మళ్లీ కొలవాలి. ఆ బిగింపుకే అది మారిపోతుంటుంది. ఆపైన బ్రేకు ఎక్కువ వాడకుండా చదునైన దారిలో ఐదారు కిలోమీటర్లు నడిపి హబ్బు మీద చేయి పెట్టి చూస్తారు. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే, కొండ ఎక్కే ముందే మళ్లీ జాకీ తీయాల్సిందే.